ఎడోలో దండోరా వేయించకు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. 1855లో జపాన్‌లోని ఎడోను, అంటే ఇప్పటి టోక్యోను, కుదిపేసిన భూకంపం తర్వాత, కూలిన ఇళ్ల మధ్య ఒకడు నిలబడి కబుర్లు చెప్పే ఘట్టం బాగా కుదిరింది. కానీ వాడి మెడలో డప్పు వేసి, "ఇందుమూలముగా యావన్మంది ప్రజలకు" అనిపించావు చూడు, అక్కడ ఎడో మాయమై మా ఊరి రచ్చబండ వచ్చేసింది.

అక్కడ సర్కారు హుకుంని 'ఓఫురె' అనేవారు. ముఖ్యమైనవి చెక్క పలక మీద రాసి, పైన చిన్న కప్పు వేసి నిహోంబాషి వంతెన లాంటి రద్దీ చోట్ల నిలబెట్టేవారు. ఆ పలక పేరు 'కోసత్సు'. నేనూ ఒకప్పుడు అనువాదంలో దీన్ని 'శాసనం' అని రాసి చేతులు కాల్చుకున్నవాణ్ణే. చదివినవాళ్లంతా రాతి శాసనం అనుకున్నారు. మిగతా హుకుంలు పేటపెద్ద 'ననుషి' ద్వారా ఇంటింటికీ చేరేవి.

నీవాడు సర్కారు మనిషి కాదు. వాడు 'యోమియురి'. యోము అంటే చదవడం, ఉరు అంటే అమ్మడం. 'కవరబాన్' అనే ఒంటికాగితం అచ్చుల్ని పైకి చదువుతూ అమ్ముకునేవాడు. 1874లో పుట్టిన యోమియురి పత్రిక పేరు వీళ్లదే. ఆ కాగితాలు చాలావరకు అనుమతి లేకుండా అచ్చయ్యేవి. అందుకే గడ్డి టోపీ ముక్కు దాకా లాక్కుని, జంటగా తిరిగేవారు. ఒకడు పుల్లతో కాగితం మీద చూపిస్తూ రాగం తీస్తాడు, రెండోవాడి కళ్లు వీధి చివర ఉంటాయి. అసలు ఘట్టం వచ్చేసరికి చదవడం ఆపేస్తాడు. మిగతాది కావాలా, డబ్బులు తియ్యి!

ఇంత టెన్షన్ చేతిలో పెట్టుకుని వాడికి డప్పు ఎందుకిచ్చావయ్యా?

ఇంకోటి. చివర్లో 'చిందొన్‌యా' అని వాడావు. చిన్ అని గంట, దొన్ అని డోలు మోగిస్తూ కొట్లకు ప్రచారం చేసేవాళ్లు వాళ్లు. ఆ పేరు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది, తీసెయ్. సుమో పోటీల ముందురోజు వీధుల్లో తిరిగే 'ఫురెదైకో' డోలు కావాలంటే వేరే కథలో వాడుకో.

యోమియురికి బ్రాకెట్లో అర్థం ఇవ్వకు. టోపీ, పుల్ల, కాగితం చూపించు, పాఠకుడు పట్టేస్తాడు. ఆ మూడో పేజీ ఒక్కటే తిరగరాసి పంపు. రెండోవాడు వీధి చివర ఎవరిని చూసి ఈల వేశాడో తెలుసుకోవాలని ఉంది.

మీ అన్నయ్య