చిన్న జాలర్లని కలుపుకోకుండా చేపల్ని కాపాడటం కుదురుతుందా?

రూల్స్ గవర్నమెంట్ పెడితే చాలదా, జాలర్లని అడగడం ఎందుకు అని కొందరు అంటుంటారు, చాలదండి. మా చెన్నైలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి బ్యాన్, ఆ టైమ్‌లో కాశిమేడు చేపల రేవుకి వెళ్లి వంజరం రేటు అడిగితే ఆ బ్యాన్ దెబ్బ తెలుస్తుంది, సరే, బ్యాన్ అయిపోయాక ఎవరు ఏ వల వేస్తున్నారు, వల కన్ను ఎంత సన్నం అన్నది రోజూ చూసేదెవరు? నీళ్ల మీద ప్రతిచోటా ఆఫీసర్ ఉండడు, పక్క పడవలో మనిషి మాత్రం ఉంటాడు.

ఇక్కడికి దగ్గర్లోనే పులికాట్ సరస్సులో పాడు అని పాత పద్ధతి ఉంది, రొయ్యలు బాగా పడే చోట్లని ఊళ్లవాళ్లే చీట్లేసి వంతులవారీగా పంచుకుంటారు, ఇవాళ మీ వంతు అయితే రేపు మాది, దాంతో అందరూ ఒకేచోట ఎగబడరు. అలాగని అంతా సవ్యంగా ఉందనుకోకండి, ఆ హక్కు కొన్ని కులాలవాళ్లకే, మిగతావాళ్లకి వంతే లేదు, గొడవలన్నీ అక్కడే. పైగా చేపలమ్మే ఆడవాళ్లని మీటింగులకి పిలిచేది తక్కువ, గంపలోకొచ్చే చేప సైజు తగ్గుతోందని ముందు పసిగట్టేది వాళ్లే మరి. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం ఇసుకతో పూడిపోతే మాత్రం ఊరి కట్టుబాటు ఏం చేస్తుంది, దానికి గవర్నమెంటే దిగాలి.