పద్దెనిమిదికి ముందే ఓటు పాఠం

ప్రశ్న: మా ఉన్నత పాఠశాలలో ఏటా పిల్లల చేత చేతులెత్తించి విద్యార్థి నాయకుణ్ణి ఎన్నుకుంటున్నాం. గట్టిగా మాట్లాడేవాడే గెలుస్తున్నాడు. ఈసారి నిజమైన ఎన్నికలా జరపాలనుంది. మూడు వందల మంది పిల్లలున్నారు. ఎలా చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని, నరసరావుపేట

జవాబు: ముందు చేతులెత్తించడం మానేయండి. పక్కవాళ్లు చూస్తుంటే పిల్లలు నచ్చినవాడికి కాక, భయపడేవాడికే చెయ్యెత్తుతారు. మీ బడిలో 9, 10 తరగతులకు ఎన్నికల అక్షరాస్యతా క్లబ్బు ఉంటే నిర్వహణ దానికే అప్పగించండి. ఓటు ఎలా వేయాలో పిల్లలకు చేయించి నేర్పడానికే ఎన్నికల సంఘం 2018లో ఈ క్లబ్బులను మొదలుపెట్టింది.

అసలు పని పోలింగ్‌కు మూడు వారాల ముందే, ఓటరు జాబితాతో మొదలవ్వాలి. హాజరు పట్టీ చూసి పేర్లు ఎక్కించేయకండి. ఎవరి దరఖాస్తు వాళ్లే పెట్టుకోవాలి. వారం గడువివ్వండి. తర్వాత ముసాయిదా జాబితాను నోటీసు బోర్డుకు అంటించి, తప్పులు సరిచేయించుకోవడానికి రెండు రోజులివ్వండి. అయినా పోలింగ్ రోజున ‘నా పేరు లేదు టీచర్’ అంటూ కొందరు వస్తారు. పాపమనిపించినా చేర్చకండి. చేతిలో ఓటరు కార్డు ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటుండదన్న సంగతి పెద్దవాళ్లలోనూ చాలామందికి పోలింగ్ కేంద్రానికి వెళ్లాకే తెలుస్తుంది. పిల్లలకు అది బడిలోనే తెలియనివ్వండి.

నామినేషన్‌పై వేరే తరగతి విద్యార్థి బలపరుస్తూ సంతకం చేయాలని నిబంధన పెట్టండి. ఒకే జట్టు, ఒకే వీధి వాళ్ల పెత్తనం అక్కడే కొంత తగ్గుతుంది. హామీలు మూడుకు మించకూడదు, మూడూ బడి చేతిలో ఉన్నవే కావాలి. చాక్లెట్లు పంచితే నామినేషన్ రద్దు.

ఫోన్ యాప్ కన్నా కాగితమే నయం. లెక్కింపు అందరి కళ్లెదుటే జరుగుతుంది, టీచర్ చూశారేమోనన్న అనుమానం రాదు. బ్యాలెట్ మీద వరుస నంబరు వేయకండి. నంబరును జాబితాతో పోలిస్తే ఎవరి ఓటు ఎవరికో బయటపడుతుంది. దాని బదులు ఇచ్చేటప్పుడు వెనక సంతకం చేయండి. ముందుగానే కట్టంతా సంతకాలు చేసిపెడితే నాలుగు కాగితాలు జారిపోయినా పట్టుకోలేరు. ఓటేశాక మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా మడవమనండి. ఇంకు అవతలి పేరు మీద అంటుకుంటే ఏది అసలు గుర్తో తేలదు కాబట్టి, స్కెచ్ పెన్ వద్దు, బాల్‌పెన్ను ఇవ్వండి. చివరి గడి ‘నోటా’కు కేటాయించండి.

మనిషికి నిమిషం చొప్పున రెండు బూత్‌లలో మూడు వందల ఓట్లకు రెండున్నర గంటలు పడుతుంది. పెట్టె తెరిచే ముందు ఇచ్చిన బ్యాలెట్లు, మిగిలినవి కలిపితే అచ్చువేసిన సంఖ్య వస్తోందో లేదో అభ్యర్థుల ఏజెంట్లకు చూపించి సంతకాలు తీసుకోండి.

గెలిచినవాళ్ల చేతికి నిజమైన పని ఇవ్వకపోతే ఇదంతా వృథా. నెలకోసారి ప్రార్థన సమావేశంలో నిలబడి, ఏ హామీ ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. వచ్చే ఏడు పిల్లలు ఆలోచించి ఓటేసేది దాన్ని చూసే.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడు నిండాయి. హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఓటు కోసం ఎప్పుడు, ఎక్కడ దరఖాస్తు పెట్టాలి?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఇప్పుడే పెట్టవచ్చు. పదిహేడు నిండితే ముందస్తుగా ఫారం 6 (కొత్త ఓటరు దరఖాస్తు) తీసుకుంటారు. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అర్హత తేదీలు, అంటే వీటిలో ఒక తేదీకి పద్దెనిమిది నిండి ఉండాలి. ఉదాహరణకు 2008 ఆగస్టు 12న పుట్టినవాళ్లకు 2026 అక్టోబరు 1 వర్తిస్తుంది. ఓటర్ల పోర్టల్‌లోనో, బూత్ స్థాయి అధికారికో ఇవ్వవచ్చు. ఫొటో, వయసుకు పదో తరగతి మెమో, చిరునామాకు ఆధార్ లేదా ఇంటి కరెంటు బిల్లు వంటివి చాలు. ఇంట్లో ఒకరి ఓటరు కార్డు నంబరు కూడా రాయండి, అమ్మాయి పేరు మీ పోలింగ్ కేంద్రంలోనే చేరడం సులువవుతుంది.

హాస్టల్ చిరునామాతోనూ పెట్టుకోవచ్చు గానీ, రెండేళ్లలో ఖాళీచేసే చోటు కాబట్టి ఇల్లే మంచిది. రెండు చోట్లా మాత్రం వద్దు, తప్పుడు ప్రకటన చేస్తే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. విచారణకు అధికారి వచ్చినప్పుడు ‘ఇక్కడ లేదు’ అని ఇరుగుపొరుగు చెప్పేస్తే దరఖాస్తు ఆగిపోతుంది, ముందే వాళ్లకు చెప్పి ఉంచండి. ఆన్‌లైన్‌లో పేరు తెలుగులోకి దానంతటదే మారేటప్పుడు అక్షరాలు తప్పుతుంటాయి, సరిచూశాకే పంపండి. తర్వాత దొరికిన తప్పులకు ఫారం 8 ఉంది. సందేహాలుంటే 1950కి ఫోన్ చేయండి.

ప్రశ్న: నేను పదో తరగతి. ట్యూషన్ నుంచి వచ్చే దారిలో వీధి దీపాలు వెలగడం లేదు. ఓటు లేనిదాన్ని, నా మాట వింటారా?
– ఒక విద్యార్థిని, పాలకొండ దగ్గరి గ్రామం

జవాబు: వినేలా రాయాలమ్మా. ‘దీపాలు లేవు’ అని రాస్తే పక్కన పడేస్తారు. వెలగని స్తంభాల నంబర్లు, ఎన్నాళ్లుగా వెలగడం లేదన్నది, ఏ వేళ ఎంతమంది ఆడపిల్లలు ఆ దారిన వస్తారన్నది రాయి. పంచాయతీ కార్యదర్శికి ఒక ప్రతి ఇచ్చి, రెండో దానిమీద తేదీతో సంతకం తీసుకో. గ్రామసభలో సభ్యులంటే ఊరి ఓటర్లే కాబట్టి, అమ్మనో నాన్ననో ఆ రెండో ప్రతితో లేచి అడగమను, నువ్వూ పక్కనే ఉండు. కదలిక లేకపోతే, దీపాల మరమ్మతుకు ఈ ఏడాది ఎంత ఖర్చుపెట్టారో సమాచార హక్కు కింద అడగవచ్చు. గ్రామస్థాయిలో ఆ దరఖాస్తుకు రుసుము లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి.