కళింగపట్నం సెలవులకు అప్పు దేనికి?

ప్రశ్న: మాది హైదరాబాద్. జీతం చేతికి 68,000 రూపాయలు వస్తుంది, ఇంటి ఖర్చులు 52,000. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, 64 ఏళ్ల నాన్న కలిసి దసరా సెలవుల్లో పది రోజులు శ్రీకాకుళం జిల్లా తీరాన ఉన్న కళింగపట్నంలో ఉండి, చుట్టుపక్కల ఊళ్లు చూడాలని కోరిక. ఖర్చు 90,000 దాకా తేలింది. అత్యవసరానికి దాచిన 1.10 లక్షల ఎఫ్‌డీని కదపకుండా, ఒక యాప్‌లో నెలకు 1.5 శాతం వడ్డీకి రెండేళ్ల రుణం తీసుకుందామనుకుంటున్నాను. మంజూరు కూడా అయింది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఎఫ్‌డీ జోలికి వెళ్లకూడదన్న మీ పట్టుదల మెచ్చుకోదగ్గదే. కానీ దాన్ని అలాగే ఉంచి పక్కన అప్పు పెట్టుకుంటే నిధి భద్రంగా ఉందనుకోవడం భ్రమ. ఇదే లెక్క వేసుకునేవారు చాలామంది ఉన్నారు కాబట్టే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

ముందు వడ్డీ సంగతి. నెలకు ఒకటిన్నర అంటే ఏడాదికి 18 శాతమే కదా అనుకున్నారు. మీరు పంపిన పట్టికలో నెలకు 5,100 చొప్పున 24 వాయిదాలున్నాయి, మొత్తం 1,22,400. అంటే ఇది ఫ్లాట్ వడ్డీ. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా, వడ్డీ మాత్రం చివరిదాకా 90,000 మీదే పడుతుంది. తగ్గుతున్న అసలు మీద లెక్కగడితే ఏడాదికి 31 శాతం దాటుతోంది. ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్టీ అదనం. 2024 అక్టోబరు నుంచి ఇలాంటి రుణాలకు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ (రుణం ముఖ్య వివరాల పత్రం) ఇచ్చి తీరాలి. అందులో ఏపీఆర్ అని, అంటే ఫీజులతో కలిపి ఏడాదికి నిజంగా పడే వడ్డీ శాతం అని, ఒక గడి ఉంటుంది. మంజూరైందన్న సంబరంలో దాన్ని చూసినట్టు లేరు.

ఇక అసలు విషయం. అత్యవసర నిధిగా ఆరు నెలల ఖర్చులకు మీకు 3.12 లక్షలు ఉండాలి. ఉన్నది 1.10 లక్షలు. నెలకు మిగిలే 16,000 పూర్తిగా దాస్తే 13 నెలల్లో ఆ లోటు పూడుతుంది. వాయిదా కట్టుకుంటూ దాస్తే 19 నెలలు. ఈలోగా ఉద్యోగం పోయిందనుకోండి: ఇప్పుడున్న డబ్బు రెండు నెలలు గడుపుతుంది, వాయిదా తోడైతే అదీ గడవదు. పైగా వెంట వచ్చేది 64 ఏళ్ల పెద్దాయన. అక్కడ ఒంట్లో బాగా లేకపోతే శ్రీకాకుళం దాకా పరుగెత్తాలి. ఆ రాత్రి చేతిలో డబ్బు ఉండాలి.

దసరా వేళ ఆ తీరానికి తుపాన్ల కాలం కూడా. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర, గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటాయి. తుపాను వస్తే గదికి కట్టిన అడ్వాన్సు పోవచ్చు, వాయిదా మాత్రం ఆగదు.

సెలవులు మానుకోమని అనడం లేదు. మీ 90,000లో కారు అద్దె 28,000, గది 35,000, విమానం 18,000, మిగతావి 9,000. నిశ్శబ్దంగా ఉండే ఊరు కావాలని ఎంచుకుని పది రోజులూ గుమ్మం ముందు కారు నిలబెట్టుకోవడం ఎందుకో నాకు బోధపడలేదు. వంశధార సముద్రంలో కలిసే చోటికి, లైట్‌హౌస్ దగ్గరికి ఎలాగూ సాయంత్రం సరదాగా వెళ్లివస్తారు. శాలిహుండం కొండమీది బౌద్ధ స్తూపాలకు ఒక రోజు, శ్రీకూర్మం, అరసవల్లికి ఇంకో రోజు కారు మాట్లాడుకుంటే సరిపోతుంది. నాలుగు రాత్రులకు అదే గది 14,000, రెండు రోజుల కారు 5,600, శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కు స్లీపర్‌లో రానూపోనూ 7,000, తిండికీ చిల్లర ఖర్చులకూ 4,900. మొత్తం 31,500. ఈ జూన్ నుంచి నెలకు 4,500 చొప్పున ఏడు నెలలు ఆర్‌డీ కట్టండి. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి నెలాఖరున బయలుదేరండి. రైలు టికెట్లు 60 రోజుల ముందు నుంచే ఇస్తారు, అప్పుడే చేసుకోండి. నెలనెలా మిగిలే 11,500 అత్యవసర నిధికి వేస్తే, మీరు రైలెక్కే నాటికి అందులో 1,90,500 ఉంటాయి.

క్రెడిట్ కార్డు వాయిదాలు, బంగారం మీద అప్పు గురించి కూడా అడిగారు. విహారానికి రెండూ వద్దు.

నాన్నగారికి మీ ఆఫీసు పాలసీలో చోటు లేదన్నారు. విడిగా ఆరోగ్య బీమా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు. ఆయనకున్న బీపీ గురించి దరఖాస్తులో దాచకుండా రాయండి. ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం గరిష్ఠంగా మూడేళ్లు, అది ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

యాప్‌లో మంజూరైన రుణాన్ని ఈ వారమే రద్దు చేసుకోండి. ఖాతా నుంచి వాయిదాలు తీసుకునేందుకు అనుమతి ఇచ్చి ఉంటే, బ్యాంకులో దాన్ని కూడా తీయించండి.