గ్రేస్ జోన్స్‌ను ఏ వరుసలో పరిచయం చేయాలి?

నమస్కారమండీ. గ్రేస్ జోన్స్‌పై వ్యాసం రాస్తూ, ఆమెను మోడల్ అనాలా, గాయని అనాలా, నటి అనాలా అన్న దగ్గర ఆగిపోయినట్లు మీరు రాశారు. కాలక్రమాన్ని పట్టుకుంటే ఆ చిక్కు వీడుతుంది. 1948లో జమైకాలోని స్పానిష్ టౌన్‌లో పుట్టిన ఆమె, చిన్న వయసులోనే న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌కు చేరారు. మోడల్‌గా పేరు తెచ్చుకున్నది పారిస్‌లో. గాయనిగా తొలి ఆల్బమ్ 1977లో, డిస్కో జోరు మీదున్న రోజుల్లో వెలువడింది.

అయితే మీ వ్యాసానికి వెన్నెముక కావలసినది ఆ తరువాతి ఘట్టమని నా అభిప్రాయం. డిస్కో హవా తగ్గాక ఆమె బహమాస్‌లోని నసావులో ఉన్న కంపాస్ పాయింట్ స్టూడియోకు వెళ్లి, స్లై డన్‌బార్ డ్రమ్స్, రాబీ షేక్‌స్పియర్ బేస్ గిటార్ ఆధారంగా, సగం పాటగా, సగం మాటగా సాగే గొంతుతో 1980–82 మధ్య మూడు ఆల్బమ్‌లు చేశారు. ఆ వాద్యకారులిద్దరూ జమైకా వారే. విదేశాల్లో వెలిగిన గాయని సంగీతానికి అసలు రూపం కరీబియన్‌లోనే కుదిరిందన్నమాట.

సినిమాలను క్లుప్తంగా ముగించవచ్చు: 1984లో ష్వార్జ్‌నెగర్‌తో ఒక చిత్రం, 1985లో బాండ్ చిత్రంలో మే డే పాత్ర. 2012లో ఎలిజబెత్ రాణి పాలన వజ్రోత్సవ కచేరీలో ఆమె నడుముకు హులా హూప్ తిప్పుతూనే పాట పాడిన సంగతిని మాత్రం వదలకండి. అప్పటికి ఆమెకు 64 ఏళ్లు.