మత్తు అనే మాట దగ్గరే ఆగిపోయా

తమ్ముడూ,

నువ్వు పంపిన ఆర్టికల్ రాత్రి చదివా, పొద్దున్నే టీ పెట్టుకుని మళ్ళీ చదివా. కొకైన్, మెదడు, జీన్స్... మొదటి ఆర్టికల్‌కే ఇంత కష్టమైన సబ్జెక్ట్ ఎత్తుకున్నావు, చాలా సంతోషం వేసింది. కానీ మొదటి లైన్‌లోనే "మత్తు పదార్థం" అన్నావు చూడు, అక్కడే ఆగిపోయా. మత్తు అంటే మనకి కళ్ళు మూతలు పడటం, తూలటం, ఒళ్ళు తెలియకపోవటం. కొకైన్, మెథాంఫెటమిన్ చేసేది దానికి తిరగబడ్డ పని, నిద్ర రానివ్వవు, ఆకలి చంపేస్తాయి, గుండె దడదడలాడిస్తాయి. పోనీ పేపర్లలో వచ్చే "ఉత్ప్రేరకం" వాడదామంటే స్కూల్లో కెమిస్ట్రీ చదివినవాళ్ళకి అది క్యాటలిస్ట్. అందుకే నేను స్టిమ్యులెంట్ అనే రాసేసి, నిద్రా ఆకలీ లేకుండా పరుగెత్తించే డ్రగ్ అని ఒక్కసారి చెప్పి ముందుకి పోతా.

ఇక అసలు విషయం. "డ్రగ్స్ వల్ల జన్యువులు మారిపోతాయి" అని రాశావు. ఇదే వాక్యం ఒకప్పుడు నేనూ రాశా. అచ్చయిన వారానికి ఒకావిడ ఫోన్ చేసి, "మా వాడి జీన్సే మారిపోయాయంటే ఇంక వాడు మామూలు మనిషి అవడా అమ్మా" అని అడిగింది, ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. నేను రాసింది తప్పు. జీన్‌లో అక్షరాలు అలాగే ఉంటాయి, కణం ఏ జీన్‌ని ఎంత చదువుతుందో అది మారుతుంది. ఈ ఒక్క తేడా పాఠకుడికి అందకపోతే మిగతా ఆర్టికల్ ఎంత బాగా రాసినా వేస్ట్.

మగ్గం దగ్గర కండె చూశావుగా, నూలు బిగుతుగా చుట్టి ఉంటుంది. డీఎన్ఏ కూడా అంతే, ఒక్కో కణంలో దాదాపు 2 మీటర్ల దారం, హిస్టోన్లు అనే ప్రోటీన్లు 8 కలిసి ఒక కండె, దాని చుట్టూ 147 అక్షరాల దారం, కాస్త దూరంలో ఇంకో కండె, అలా కోట్ల కండెలు. హిస్టోన్‌కి ఎసిటైల్ అనే చిన్న రసాయన ముక్క తగిలితే చుట్టు వదులవుతుంది, కణం చదువుకోగలుగుతుంది. మిథైల్ అనే ఇంకో ముక్క కొన్ని చోట్ల తగిలితే బిగుస్తుంది. ఆ బిగించేవాళ్ళలో జీ9ఏ అనే ఎంజైమ్ ఒకటి. మళ్ళీ మళ్ళీ కొకైన్ ఇచ్చిన ఎలుకల మెదడులో, ఇష్టాన్ని, కోరికని నడిపే న్యూక్లియస్ అకంబెన్స్ అనే చోట అది తగ్గిపోతుందని 2010లో న్యూయార్క్ మౌంట్ సైనై మెడికల్ స్కూల్లో ఎరిక్ నెస్ట్లర్ టీమ్ చూపించింది. బిగించేవాడు తగ్గాడు, చుట్లు వదులయ్యాయి, మూసి ఉండాల్సిన జీన్స్ తెరుచుకున్నాయి, ఆ మెదడు కణాల కొమ్మల మీద పక్క కణాలతో కలిసే కొత్త ముళ్ళు మొలిచాయి, ఎలుకకి కొకైన్ మీద ఇష్టం పెరిగింది. ఇంత కథ ఉంటే నువ్వు "ఎపిజెనెటిక్ మార్పులు" అని రెండు మాటల్లో తేల్చేశావు!

డెల్టా ఫాస్‌బి అనే ప్రోటీన్ దగ్గరా అంతే, ఒక్క లైన్‌లో దాటేశావు, నేనైతే అక్కడే కూర్చుంటా. డోసు పడగానే సి-ఫాస్ అనే ప్రోటీన్ పెరుగుతుంది, కొన్ని గంటల్లో మాయమైపోతుంది. డెల్టా ఫాస్‌బి అలా కాదు, అది ఫాస్‌బి ప్రోటీన్‌కి చివరి 101 అమైనో ఆమ్లాలు తెగిపోయిన రూపం, కణం త్వరగా విరిచేయటానికి పట్టు దొరికే భాగం ఆ తోకలోనే ఉంది, తోకే లేకపోయేసరికి వారాల తరబడి నిలబడుతుంది. బోరు నీళ్ళు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది చూడు, అలా డోసు మీద డోసుకి కొంచెం కొంచెం పేరుకుంటుంది, పేరుకుని వేరే జీన్స్‌ని ఆడిస్తుంది. గంటలకి, వారాలకి ఉన్న ఈ తేడా చెప్తేనే ఒక్కసారి వాడటం అలవాటుగా ఎలా ముదురుతుందో చదివేవాడికి కళ్ళకి కడుతుంది. కానీ దాన్ని "అడిక్షన్ స్విచ్" అని మాత్రం రాయకు, ఎందుకంటే మానేసిన ఒకటి రెండు నెలల్లో అదీ పోతుంది, కోరిక మాత్రం ఏళ్ళ తర్వాత కూడా లేస్తుంది, ఆ మధ్యలో మిగిలేది ఏంటన్నది ఇంకా వెతుకుతున్నారు.

సిగరెట్ సంగతి కూడా కలుపు, నీ వయసు వాళ్ళకి అది అవసరం. ఎరిక్ కాండెల్, ఆయన భార్య డెనీస్ కాండెల్ ఉన్న కొలంబియా యూనివర్సిటీ టీమ్ 2011లో చేసిన పని అది, ముందు నికోటిన్ ఇచ్చిన ఎలుకల్లో ఫాస్‌బి జీన్ దగ్గర ఎసిటైల్ పెరిగి చుట్లు వదులై ఉంటాయి, తర్వాత కొకైన్ పడితే ప్రభావం చాలా ఎక్కువ. వరస తిప్పి ముందు కొకైన్, తర్వాత నికోటిన్ ఇస్తే ఆ పెరుగుదల లేదు. ఎంత చక్కటి ప్రయోగమో!

ఇంకోటి, ఎలుక అన్నచోట ఎలుక అనే రాయి. చనిపోయిన కొకైన్ అడిక్ట్‌ల మెదడులో డెల్టా ఫాస్‌బి ఎక్కువగా కనిపించిన మాట నిజమే, దాన్ని విడిగా రాయి, రెండూ కలిపేసి "మనిషిలో ఇలా జరుగుతుంది" అనకు. నువ్వు కలిపేసిన చోట్లన్నీ పెన్సిల్‌తో గీత పెట్టి ఫోటో తీసి పంపుతున్నా. మూడో పేరా మొత్తం మళ్ళీ రాసి ఆదివారంలోపు పంపించు, ఆ ఫోన్ చేసినావిడ చదువుతుందనుకుని రాయి.

నీ అక్క