కారులో కూర్చోకమ్మా, టచ్‌లైన్ దగ్గరికి వెళ్ళు

ప్రశ్న: మేం ఇంగ్లండ్ వచ్చి ఏడాది కూడా కాలేదు. మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు. దగ్గర్లోని ఫుట్‌బాల్ క్లబ్బులో అండర్ నైన్స్ (తొమ్మిదేళ్ళలోపు పిల్లల) జట్టులో చేరాడు. ఆదివారం మ్యాచులకు వాణ్ణి నేనే తీసుకెళ్తాను. మిగతా తల్లిదండ్రులు టచ్‌లైన్ దగ్గర, అంటే మైదానం పక్క గీత దగ్గర, గుంపుగా నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. నాకు ఆట తెలియదు, వాళ్ళ యాస సగం అర్థం కాదు. కోచ్ మా వాణ్ణి సగం సేపే ఆడిస్తున్నాడు. అడగవచ్చా? నేనెలా ఉంటే వాడికి మేలు?

జవాబు: సగం సేపు ఆడించడంలో అన్యాయమేం లేదమ్మా. అండర్ నైన్స్‌లో మైదానం మీద జట్టుకు కొద్దిమందే ఉంటారు. జట్టులో అంతకన్నా ఎక్కువమందే ఉంటారు కాబట్టి మార్చి మార్చి దింపుతారు, బయటికొచ్చిన పిల్లాడు మళ్ళీ లోపలికి వెళ్ళొచ్చు. బంతి సైజు ఎంత, హెడింగ్ (తలతో బంతిని కొట్టడం) ఎందుకు మానిపించారు లాంటివన్నీ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్ఏ వెబ్‌సైటులో ఉన్నాయి, తీరిగ్గా చదువుకో. అక్కడ దొరకనిది నేను చెప్తాను.

మా పెద్దాడు ఆడే రోజుల్లో మొదటి సీజనంతా నేను కారులోనే కూర్చున్నాను. హీటర్ వేసుకుని, అద్దం మీద ఆవిరి తుడుచుకుంటూ, దూరంగా పరిగెత్తే రంగు చొక్కాల్లో మావాడెవడో వెతుక్కునేదాన్ని. చలి అని చెప్పుకునేదాన్ని గానీ అసలు భయం ఆ గుంపంటే. ఎవరైనా పలకరిస్తే ఏం మాట్లాడాలి? ఆ వారమంతా మా ఆయనతో, పిల్లలతో తప్ప ఇంకో మనిషితో మాట్లాడి ఉండను. నీకూ అలాగే ఉందని నీ ఉత్తరంలో రాయకపోయినా నాకు తెలుస్తూనే ఉంది.

తర్వాత కారు దిగాను, అది ఇంకా ఘోరం. నాకు ఆట రాదు, అరవడం మాత్రం వచ్చు. "అటు కాదురా, ఇటు! తన్నరా!" అని తెలుగులో ఒకటే కేకలు. కోచ్ ఒకటి చెప్తాడు, నేనింకొకటి చెప్తాను, పిల్లాడు ఆగిపోయి నావైపు చూస్తాడు, ఈలోపు బంతి అవతలివాళ్ళు పట్టుకుపోతారు. ఒకావిడ మెల్లగా దగ్గరికొచ్చి, ఏం తప్పు చేశాడని వాణ్ణి అంతలా తిడుతున్నారు అని అడిగింది. నేను ప్రోత్సహిస్తున్నాననుకుంటున్నాను! భాష తెలియనివాళ్ళకి మన గొంతు అలా వినిపిస్తుందని అప్పటిదాకా నాకు తట్టనేలేదు.

ఇక మా ఆయన సంగతి. గోల్‌కి ఒక పౌండు ఇస్తానని వాడికి ఆశ పెట్టారు. దాంతో వాడు ఎవరికీ పాస్ ఇవ్వడం మానేశాడు. పక్కనున్న పిల్లాడు ఖాళీగా నిలబడి చేతులూపుతున్నా సరే, వీడే తన్నాలి. కోచ్ వచ్చి ఇంట్లో ఏమన్నా బహుమతులు ఇస్తున్నారా అని నవ్వుతూ అడిగాడు. అలాంటివి చాలా చూసినట్టున్నాడు. ఆ కోచ్ కూడా జట్టులో ఒక పిల్లాడి తండ్రే, వారమంతా ప్లంబింగ్ పని చేసి వచ్చేవాడు. ఇక్కడి చిన్న క్లబ్బుల్లో చాలావరకు అంతే. జీతం ఉండదు, తమ ఆదివారం తామే ఇస్తారు. అందుకని మ్యాచ్ రోజున అక్కడే పట్టుకుని నిలదీయకు. మంగళవారమో బుధవారమో ఒక మెసేజ్ పెట్టు, అది కూడా ఎందుకు తక్కువ ఆడిస్తున్నారని కాదు, వాడు దేని మీద సాధన చేయాలో చెప్పమని. జవాబు తప్పక వస్తుంది. పిల్లల్ని బూతులు తిట్టే కోచ్ అయితే మాత్రం మొహమాటం వద్దు, ప్రతి క్లబ్బుకీ పిల్లల క్షేమం చూసే వెల్ఫేర్ ఆఫీసర్ ఒకరు ఉంటారు, నేరుగా వాళ్ళకి చెప్పు.

రెఫరీని ఏమీ అనకు. ఇక్కడ 14 ఏళ్ళు నిండితే రెఫరీ శిక్షణ తీసుకోవచ్చు. విజిల్ పట్టుకున్నవాడు పదో తరగతి వయసు కుర్రాడే కావచ్చు. పెద్దవాళ్ళ అరుపులు భరించలేక మానేసినవాళ్ళు బోలెడుమంది. 2008లో ఎఫ్ఏ రెస్పెక్ట్ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మైదానం పక్కన కట్టే ఆ తాడు అందులో భాగమే, తల్లిదండ్రులు దాని వెనకే ఉండాలి. గోల్ వెనక నిలబడకూడదు. కొన్ని వారాలు సైలెంట్ సపోర్ట్ అని పెడతారు, చప్పట్లు తప్ప ఎవరూ నోరెత్తరు. ఆ వారం పిల్లలు ఒకరితో ఒకరు ఎంత మాట్లాడుకుంటారో విను.

పాయింట్ల సంగతి మరిచిపో. మా వాడి కాలంలో తొమ్మిదేళ్ళ పిల్లలకి కూడా పాయింట్ల పట్టిక ఉండేది, రాత్రిపూట అది చూసుకుంటూ నిద్ర పాడుచేసుకున్నాం. 2012లో ఎఫ్ఏ ఆమోదించిన మార్పులతో అండర్ ఎలెవెన్స్ దాకా పట్టికలు తీసేశారు. మీ తరం అదృష్టవంతులు, ఇంకా టెన్షన్ పడటం దేనికో నాకర్థం కాదు. ఇంటికొచ్చే దారిలో కారులో మ్యాచ్ విచారణ కూడా వద్దు. వాడంతట వాడు చెప్తే విను. లేదంటే ఆకలేస్తోందా అని అడుగు.

ఇప్పుడు అసలు విషయం. టచ్‌లైన్ మీద ఎక్కువగా అరిచేది ఎవరో గమనించు. చాలాసార్లు గుంపుకి దూరంగా ఒంటరిగా నిలబడ్డవాళ్ళే. మాట్లాడటానికి మనిషి లేకపోతే మనసంతా పిల్లాడి కాళ్ళ మీదే ఉంటుంది. నా సంగతి అదే. వారానికంతటికీ నాకున్న ఒకే కబురు వాడి మ్యాచ్. వాడు గోల్ వేస్తే నేను గెలిచినట్టు, వాడు తప్పు చేస్తే నలుగురిలో నా పరువు పోయినట్టు. ఎనిమిదేళ్ళవాడి మీద అంత బరువు పెట్టకూడదని నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే నీకు చెప్తున్నా. నువ్వు అక్కడ ఇద్దరు మనుషుల్ని సంపాదించుకుంటే వాడికి సగం మేలు దానంతటదే జరుగుతుంది.

కబుర్లు చెప్పడం రాకపోతే పని అడుగు. మ్యాచ్‌కి అరగంట ముందే వెళ్ళు. గోల్ పోస్టులు బిగించడానికి, నెట్ కట్టడానికి ఎప్పుడూ మనుషులు చాలరు. నెట్ అవతలి కొస పట్టుకున్న మనిషితో యాస అర్థం కాకపోయినా స్నేహం కుదురుతుంది. మిగతా పిల్లల పేర్లు నేర్చుకో. వాళ్ళెవరైనా బాగా ఆడితే పేరు పెట్టి "వెల్ డన్" అను. బంతి గోల్ పక్కనుంచి పోతే అందరూ "అన్‌లక్కీ" అంటారు, నువ్వూ అను. అవతలి జట్టు గోల్ కొట్టినా చప్పట్లు కొట్టు. నీ పక్కన నిలబడ్డవాళ్ళు అప్పుడే నీవైపు తిరిగి ఏదో ఒకటి అంటారు. ఫొటోలు తీయాలనిపిస్తే మాత్రం ముందు అడుగు, మిగతా పిల్లలు పడేలా తీసి అక్కడా ఇక్కడా పెట్టకు.

నన్నే చూడు, ఆఫ్‌సైడ్ అనే నియమం ఏమిటో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అయినా తర్వాత కొన్నాళ్ళు అదే క్లబ్బుకి ట్రెజరర్‌గా చేశాను, ఒక్క పెన్నీ తేడా రానివ్వలేదు. అప్పట్లో నాతో నెట్ పట్టుకున్నావిడ ఇప్పటికీ మా ఇంటికి వస్తూ పోతూ ఉంటుంది. అప్పట్లో మాకు వాట్సాప్ గ్రూపులు కూడా లేవు. మీకు ఫోన్‌లోనే అన్నీ ఉన్నాయి, నోరు తెరవడమే తక్కువ.

ఈసారి దూరంగా ఉన్న మైదానంలో మ్యాచ్ పడినప్పుడు, గ్రూపులో ఎవరైనా లిఫ్ట్ అడిగేదాకా ఆగకుండా నా కారులో ఒక చోటు ఉందని నువ్వే రాయి. ఎక్కే పిల్లాడికి బూస్టర్ సీటు కావాలి. 12 ఏళ్ళు నిండేదాకా, లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా, ఏది ముందైతే అప్పటిదాకా అది తప్పనిసరి. కొత్తది కొనకు, వాళ్ళమ్మనే తెచ్చిమ్మను. సీటు బిగించడానికి వచ్చినప్పుడు పది నిమిషాలైనా నీతో మాట్లాడుతుంది.