ఫోన్ ఎత్తని స్నేహితుడి గదికి వెళ్ళండి

బీటెక్ అయిపోయాక మీ బ్యాచ్‌లో సగం మంది గ్రూపులో మాట్లాడటం మానేశారని, ఫోన్ చేసినా ఎత్తడం లేదని రాశారు. వాళ్ళకు పొగరెక్కిందా అని అడిగారు.

పొగరు కాదండీ, సిగ్గు. ఈ మాట నేను గట్టిగా చెప్తాను. చదువైపోయి హైదరాబాద్‌లో హాస్టల్ గది పట్టుకుని ఉన్న కుర్రాడు ఫోన్ ఎత్తడం లేదంటే కారణం ఒకటే. ఎత్తగానే అవతలివాళ్ళు "ఇప్పుడేం చేస్తున్నావ్ రా?" అంటారు. దానికి చెప్పుకోదగ్గ జవాబు వాడి దగ్గర ఉండదు.

నా క్లాస్‌మేట్ ఒకడు తెలంగాణ ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగాలకు పెట్టే గ్రూప్-1 పరీక్ష కోసం హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో ఉండేవాడు. మా అందరిలోకీ బాగా చదివేవాడు. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్ పడింది. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశాడు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ రాశాడు. బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబరులో హైకోర్టు అదీ రద్దు చేసింది. ఆ వార్త వచ్చిన రోజు మాలో ఎవరు ఫోన్ చేసినా వాడు ఎత్తలేదు.

మర్నాడు ఆదివారం. చిక్కడపల్లి మెట్రోలో దిగి వాడి హాస్టల్‌కు నడిచాను. మూడు మంచాలు పట్టే గది, మంచాల మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాలి. తలగడ పక్కన తెలుగు అకాడమీ పుస్తకాలు, ప్రతి పేజీలో రెండు మూడు రంగుల గీతలు. వాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను పరీక్ష ఊసెత్తలేదు. "టిఫిన్ చేశావా?" అని మంచం మీద కూర్చున్నాను.

కాసేపటికి వాళ్ళ నాన్న ఫోన్. నల్గొండ దగ్గర పల్లెలో పత్తి వేస్తాడు. గొంతు పెద్దది, మాటలన్నీ నాకూ వినిపించాయి.

"పరీక్ష మల్ల రద్దయిందట గదరా?"

"అవును నాయినా."

"సరే తియ్యి. తిన్నవా? పైసలు పంపాల్నా?"

"వద్దు, ఉన్నయి."

లేవు. ఆ నెల హాస్టల్ ఫీజే బాకీ. ఫోన్ పెట్టేసి "తిట్టినా బాగుండేది రా" అని ఏడ్చేశాడు. నేనేం ఓదార్చలేదు, పక్కనే కూర్చున్నాను. తర్వాత ఇద్దరం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడిచి, కడుపునిండా తిని, ఎవరి పెళ్ళిళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో మాట్లాడుకున్నాం. ఆ వారం నుంచి వాడే నాకు ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ ఎత్తేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చినప్పుడు ముందు నాకే చెప్పాడు.

ఉద్యోగం వచ్చినవాళ్ళు సుఖంగా ఉన్నారనీ అనుకోకండి. నాలుగేళ్ళు కాలేజీలో కూర్చోబెట్టి, ఆఫర్ లెటర్‌లో ఇన్నాళ్ళు ఉద్యోగం మానకూడదనే బాండ్ ఎక్కడుంటుందో, కంపెనీ మారినా పీఎఫ్‌కు మారకుండా ఉండే యూఏఎన్ నంబర్ ఎందుకో ఒక్క గంట చెప్పరు. జీతం ఇరవై వేలు దాటితే నెలకు 200 వృత్తి పన్ను కోస్తారని మా రూమ్మేట్‌కు మొదటి జీతం చేతికొచ్చాకే తెలిసింది. హాస్టళ్ళవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి "మెయింటెనెన్స్" అని కోస్తారు, రెండేళ్ళలో గోడకు సున్నం వేసిన పాపాన పోరు. ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేసే కాలేజీలను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బుకు పిల్లల్ని తాకట్టు పెట్టుకోవడం ఏం న్యాయం? సర్టిఫికెట్ చేతిలో లేకపోతే వాడు ఇంటర్వ్యూకు ఏం పట్టుకెళ్తాడు?

మీ వాళ్ళకు ధైర్యం చెప్పే కొటేషన్లు పంపకండి. మీ ఆఫీసు ఫొటోలు గ్రూపులో పెట్టడం కొన్నాళ్ళు ఆపండి. ఫోన్ ఎత్తనివాడి రెజ్యూమె మీ కంపెనీలో ఇవ్వగలిగితే అడగకుండానే ఇవ్వండి, తర్వాత చెప్పండి. ఈ ఆదివారం వాడి గదికి వెళ్ళండి. వస్తున్నానని ముందే చెప్తే ఊళ్ళో లేనంటాడు, అందుకని హాస్టల్ కిందికి చేరుకున్నాకే ఫోన్ చేయండి. బిల్లు మీరే కట్టండి. వాడు వద్దంటాడు, ఈసారి నాది, వచ్చేసారి నీది అనండి.